గోడ మీద సుద్ద గీత: వాలీబాల్ పిల్లలకు వార్మప్, ఫిట్‌నెస్ టెస్టులు ఎలా చేయించాలి

మూడేళ్ల కిందట ఒక సెలెక్షన్స్‌కి గుంటూరు నుంచి మా పిల్లల్ని తీసుకెళ్లాను. ఉదయం ఏడింటికల్లా గ్రౌండ్‌లో ఉండమన్నారు, ఉన్నాం. నేను ఉత్సాహం కొద్దీ అరగంట పరిగెత్తించి, ఎగిరించి, చెమటలు పట్టించాను. మావాళ్ల పేర్లు పిలిచేసరికి పదకొండు దాటింది. అప్పటిదాకా సిమెంటు మెట్ల మీద కూర్చుని, సమోసాలు తిని, ఫోన్ చూసుకుని, పిలవగానే లేచి వెళ్లి గోడ దగ్గర ఎగిరాడు మావాడొకడు. ప్రాక్టీసులో 280 సెం.మీ. తాకే కుర్రాడు 273 దగ్గరే ఆగిపోయాడు. "కాళ్లు బరువుగా ఉన్నాయన్నా" అన్నాడు. తప్పు వాడిది కాదు, నాది.

వార్మప్ వేరు, టెస్టు వేరు అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలది. నిజానికి రెండూ ఒకటే పని. ఒళ్లు ఏ స్థితిలో ఉండగా కొలిచామో తెలియకపోతే ఆ అంకెకు విలువ లేదు. ప్రతిసారీ ఒకే వార్మప్, ఒకే బూట్లు, ఒకే నేల, ఒకే పూట ఉంటేనే పోయిన నెల గీతనీ ఈ నెల గీతనీ పక్కపక్కన పెట్టి మాట్లాడగలం. మీరు పీఈటీ అయినా, జూనియర్లను చూసుకునే సీనియర్ ప్లేయర్ అయినా, పిల్లని పొద్దున్నే బండి మీద గ్రౌండ్‌కి తీసుకొచ్చే నాన్న అయినా, కింద రాసినవన్నీ పెద్ద ఖర్చు లేకుండా చేయించవచ్చు.

పూట, తిండి, సామాను

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది దాటాక టెస్టులు పెట్టకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఐదున్నరకి మొదలుపెడితే పదిమంది పిల్లల్ని ఏడున్నరకల్లా ముగించవచ్చు. సాయంత్రం పెట్టుకుంటే వచ్చే నెల కూడా సాయంత్రమే పెట్టండి. పొద్దుటి కంటే సాయంత్రం ఒళ్లు వేడిగా, వదులుగా ఉండి గెంతు కాస్త ఎక్కువే వస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి "వీడు పెరిగాడు" అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

ముందు రోజు గట్టి ప్రాక్టీసు వద్దు. టెస్టుకి గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, రెండు అరటిపళ్లో చాలు. తెల్లవారుజామున అంత టైమ్ ఉండదు కాబట్టి ఒక అరటిపండు తినిపించి తీసుకురండి. పూరీ తిని వచ్చినవాడిని ఎగరమంటే పూరీయే ముందు బయటికొస్తుంది. ఉప్పేసిన మజ్జిగ సీసా ఒకటి పక్కన ఉంచండి.

సామాను: ఐదు మీటర్ల స్టీలు టేపు, చాక్‌పీసులు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, ఒక బెంచీ, విజిల్, నోటు పుస్తకం. మెడిసిన్ బాల్ (విసరడానికి వాడే బరువు బంతి) లేకపోతే పాత బాస్కెట్‌బాల్ కోసి, కావలసిన బరువుకి సరిపడా ఇసుక పోసి, చెప్పులు కుట్టేవారి దగ్గర గట్టిగా కుట్టించండి. కిరాణా కొట్టు కాటా మీద పెట్టి సరిగ్గా ఎన్ని కిలోలుందో దాని మీదే రాయండి. చిన్నవాళ్లకి 2 కిలోలు, పెద్దవాళ్లకి 3 కిలోలు సరిపోతుంది.

ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గి వారం కాలేదా, పరిగెత్తేటప్పుడు గుండెలో నొప్పి, కళ్లు తిరగడం ఎప్పుడైనా ఉన్నాయా, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బుతో పోయినవాళ్లున్నారా అని అమ్మానాన్నల్ని అడగండి. దేనికైనా అవునంటే ముందు డాక్టర్ దగ్గరికి, తర్వాతే గ్రౌండ్‌కి.

వార్మప్: ఇరవై నిమిషాలు, ఇదే వరసలో

ఇయాన్ జెఫ్రీస్ అనే స్ట్రెంత్ కోచ్ వార్మప్‌కి ఒక క్రమం చెప్పాడు: ముందు ఒంట్లో వేడి పెంచు, తర్వాత కండరాల్ని లేపు, కీళ్లను కదిలించు, చివరికి ఆటలో చేసే పనినే కొంచెం కొంచెంగా పూర్తి బలం దాకా తీసుకెళ్లు. దీన్ని ర్యాంప్ అంటారు. పేరు గుర్తులేకపోయినా ఫరవాలేదు, వరస మాత్రం తప్పొద్దు.

మొదటి ఐదు నిమిషాలు కోర్టు చుట్టూ మెల్లగా పరుగు, పక్కకి జరగడం, వెనక్కి నడవడం, కాళ్లు మార్చుకుంటూ గెంతుతూ వెళ్లడం. బోరు కొడుతుందంటే కుంటుడాట ఆడించండి, అంతకంటే మంచి వార్మప్ లేదు. చెమట పడితే వార్మప్ అయినట్టే అని పుస్తకాల్లో చదివాను. గుంటూరులో మే నెలలో ఊరికే నిలబడ్డా చెమట పడుతుంది, అది గుర్తు కాదు. ఊపిరి చూడండి. మాట్లాడగలగాలి, కానీ మాటల మధ్య ఊపిరి తీసుకోవలసి రావాలి. అప్పటికి వేడి ఎక్కినట్టు.

తర్వాత ఐదారు నిమిషాలు కండరాలకి, కీళ్లకి. పది బస్కీలు, మడమలు నేలను వదలకుండా. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం పదిసార్లు. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని ముందుకీ వెనక్కీ ఊపడం, ఒక్కో కాలికి పది. ముందుకి పెద్ద అంగ వేసి మోకాలు వంచి, నడుం పైభాగాన్ని పక్కకి తిప్పడం, ఒక్కో వైపు ఐదు. చీలమండల్ని గుండ్రంగా తిప్పడం. భుజాల కోసం పాత సైకిల్ ట్యూబు కోసి స్తంభానికి కట్టుకోండి. మోచేయి పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని బయటికి లాగడం పన్నెండుసార్లు, రెండు చేతులకీ. స్మాష్ కొట్టేటప్పుడు చేతిని ఆపే పని చేసేది భుజం వెనక ఉండే ఈ చిన్న కండరాలే. వాటిని మర్చిపోయి స్మాష్‌లు మొదలుపెట్టే పిల్లలే ఏడాది తిరిగేసరికి భుజం పట్టుకుని కూర్చుంటారు.

ఒక మాట. కాలు బెంచీ మీద పెట్టి నిమిషం పైగా అలాగే లాగి పట్టుకునే పాత అలవాటు మన గ్రౌండ్‌లలో ఇంకా ఉంది. అంతసేపు కదలకుండా సాగదీస్తే ఆ వెంటనే ఎగిరే బలం తగ్గుతుంది. దాన్ని ప్రాక్టీసు అయ్యాక చేయించండి. ముందు మాత్రం కదులుతూ సాగదీయడమే.

చివరి ఎనిమిది, పది నిమిషాలు గెంతులకి. నా లెక్కలో వార్మప్ మొత్తానికీ ఇదే ప్రాణం, ఇక్కడ తొందర వద్దు. మోకాళ్లు దాదాపు వంచకుండా చీలమండలతోనే చిన్న గెంతులు పది. తర్వాత ఒక గెంతు గెంతి, నేల మీద వాలి, అలాగే రెండు సెకన్లు శిలలా నిలబడాలి. ఐదుసార్లు. తర్వాత నెట్ దగ్గర బ్లాక్ గెంతులు (అవతలివాళ్ల స్మాష్‌ని ఆపడానికి రెండు చేతులూ ఎత్తి ఎగిరేవి) ఐదు: మొదటిది సగం బలంతో, ఐదోది పూర్తిగా. ఆ తర్వాత పరుగుతో స్మాష్ గెంతులు నాలుగు, బంతి లేకుండా.

ఆ రెండు సెకన్ల నిలబడటంలో మీరు చూడాల్సింది చాలా ఉంది. పిల్లల ఎదురుగా, వాళ్ల నడుము ఎత్తులో ఫోను పట్టుకుని నిలబడండి. వాలిన క్షణంలో మోకాళ్లు ఒకదాని వైపు ఒకటి ముద్దు పెట్టుకున్నట్టు లోపలికి వంగాయా? పాదాలు దబ్‌మని చప్పుడు చేశాయా? ఒక కాలు ముందుగా, రెండోది వెనకగా తగిలిందా? మా గ్రౌండ్‌లో ఒక అమ్మాయి ఎప్పుడూ ఎడమ కాలి మీదే వాలేది. నేను నెలరోజులు గమనించనేలేదు. వాళ్ల నాన్న తీసిన వీడియోని మెల్లగా ఆడిస్తే తెలిసింది. "పిల్లిలా దిగమ్మా, బస్తా పడినట్టు కాదు" అని చెప్పాను. మోకాలు కాలి రెండో వేలి వైపు చూడాలి, పిరుదులు వెనక్కి వెళ్లాలి, చప్పుడు రాకూడదు. రెండు నెలలకి మారింది. వాలడం సరిగ్గా రాని పిల్లకి ఎగరడం ఎక్కువ నేర్పిస్తే మోకాలి మీద అప్పు పెరుగుతున్నట్టే.

బంతితో వార్మప్ ఆఖర్న. దగ్గర నుంచి ఒంటిచేత్తో విసురుకోవడం, దూరం పెంచడం, తర్వాత నేల మీద నిలబడి మెత్తగా కొట్టడం, అప్పుడు నెట్ మీద స్మాష్‌లు. టెస్టుల రోజున ఇది అక్కర్లేదు.

కొలవడం: ముందు గెంతులు, చివరికి పరుగులు

వార్మప్ అయిన ఐదు నిమిషాల్లోపు మొదలుపెట్టండి. కాళ్లు తాజాగా ఉండగానే గెంతులు, తర్వాత విసురుడు, తర్వాత వేగం. ఆయాసం తెప్పించేది ఏదైనా ఆఖర్న. పదిమంది ఉంటే వరసలో ఆఖరివాడు చల్లారిపోతాడు, కాబట్టి తన వంతుకి ముందు మళ్లీ మూడు గెంతులు గెంతమనండి.

నిలబడి అందే ఎత్తు. పిల్లాడు గోడకి పక్కగా నిలబడాలి, పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. ఆడే చేతి మధ్యవేలికి సుద్ద పూసుకుని ఎంత పైకి అందితే అంత పైకి చాపి గోడ మీద గీయాలి. తేలిగ్గా కనిపిస్తుంది కానీ ఎక్కువ తప్పులు ఇక్కడే. ఎగిరిన ఎత్తులోంచి ఈ ఎత్తు తీసేస్తే వచ్చేదే గెంతు కదా. తెలివైన పిల్లలు ఈ గీతని కావాలని తక్కువ గీస్తారు: భుజం పైకెత్తరు, మోచేయి కాస్త వంచి ఉంచుతారు. రెండు సెంటీమీటర్లు ఇక్కడ దాచుకుంటే గెంతులో రెండు సెంటీమీటర్లు ఉచితంగా వస్తాయి. మీరే మోచేతి కింద చేయి పెట్టి పైకి తోయండి. ఇంకో చేతిని మడమ వెనక పెడితే లేచిందో లేదో తెలుస్తుంది. తర్వాత గోడకి ఎదురుగా తిరిగి రెండు చేతులతో అందే ఎత్తు కూడా గీయించండి, బ్లాక్‌కి అది కావాలి.

బ్లాక్ గెంతు. పరుగు లేకుండా, గోడకి ఒక జానెడు దూరంలో నిలబడి, రెండు చేతులతో ఎగిరి గీత పెట్టాలి. మూడు ప్రయత్నాలు, మధ్యలో కనీసం ఒక నిమిషం. మంచిది రాసుకోండి, సగటు వద్దు. సుద్ద పూసుకుని గోడ మీద ఎగరడం చాలా పాత పద్ధతి. డడ్లీ సార్జెంట్ అనే అమెరికా వ్యాయామ గురువు 1921లో ప్రచురించిన టెస్టు వల్ల దీన్ని సార్జెంట్ జంప్ అంటారు. వందేళ్లు దాటినా ఇంతకంటే చవకైనది రాలేదు.

స్మాష్ గెంతు. దీన్ని గోడ మీద కొలవకండి, పరుగున వచ్చి గోడకి గుద్దుకుంటారు. బాస్కెట్‌బాల్ బోర్డు ఉంటే దాని కింది అంచుకి సెంటీమీటర్లు గీసిన పల్చటి ప్లాస్టిక్ పట్టీ కిందికి వేలాడదీయండి. నిబంధన ప్రకారం ఆ అంచు నేల నుంచి 2.90 మీ. ఉండాలి, కానీ బడి గ్రౌండ్‌లలో ఉన్నవాటిని నమ్మకండి, టేపు పెట్టి మీరే కొలవండి. మూడు లేదా నాలుగు అడుగుల పరుగు, రోజూ ఆడేటప్పుడు ఎన్ని వేస్తే అన్నే. పక్కనే బెంచీ ఎక్కి ఒకరు వేలు ఎక్కడ తగిలిందో చూడాలి. స్తంభం దగ్గరగా ఉంటే అక్కడ ఈ టెస్టు చేయొద్దు.

బోర్డు లేకపోతే ఫోను. స్లో మోషన్‌లో తీసి, కాళ్లు నేల వదిలిన ఫ్రేము నుంచి మళ్లీ తగిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోనులో 120 ఫ్రేములు వస్తే గాలిలో అర సెకను ఉన్నట్టు. ఆ సెకన్లని వాటితోనే గుణించి, వచ్చినదాన్ని 122.6తో గుణిస్తే సెంటీమీటర్లలో గెంతు వస్తుంది. అర సెకనుకి దాదాపు 30.7. పిల్లలు గాలిలో కాళ్లు ముడుచుకుంటే నేల తగలడం ఆలస్యమై అంకె పెరుగుతుంది, కాబట్టి కాళ్లు చాపి దిగాలి.

విసురుడు. గోడకి వీపు ఆనించి కూర్చుని, కాళ్లు చాపి, బరువు బంతిని ఛాతీ దగ్గర నుంచి రెండు చేతులతో ముందుకి తోయాలి. వీపు గోడని వదిలితే లెక్కలోకి రాదు. మూడుసార్లు.

వేగం. దీనికి కోన్లు కూడా అక్కర్లేదు, కోర్టు గీతలే చాలు. ముందు నెట్ విప్పేయండి. వెనక గీత నుంచి బయల్దేరి 9 మీ. పరిగెత్తి మధ్య గీతని చేత్తో తాకాలి, వెనక్కి తిరిగి 3 మీ. వచ్చి తన వైపు ఎటాక్ గీతని, అక్కణ్నుంచి 6 మీ. వెళ్లి అవతలి ఎటాక్ గీతని, మళ్లీ 3 మీ. వెనక్కి మధ్య గీతని తాకి, ఆఖరి 9 మీ. దూసుకెళ్లి అవతలి వెనక గీత దాటాలి. మొత్తం 30 మీ. రెండు ప్రయత్నాలు, మధ్యలో మూడు నిమిషాలు. మట్టి కోర్టు అయితే ముందు నీళ్లు చల్లి గులకరాళ్లు ఏరండి. మట్టి మీద వచ్చిన టైమ్‌ని సిమెంటు మీద, ఇండోర్ కోర్టులో వచ్చిన టైమ్‌తో పోల్చకండి.

చీలమండ. ఇది ఎవరూ చేయించరు, నేను మాత్రం వదలను. వాలీబాల్‌లో అందరికంటే ఎక్కువ దెబ్బతినేది చీలమండే, నెట్ కింద ఎవరో ఒకరి పాదం మీద దిగి మడత పడుతుంది. గోడ ముందు చెప్పుల్లేకుండా నిలబడి, మడమ లేపకుండా మోకాలు గోడకి తాకించాలి. తాకినంతసేపూ పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరపాలి. బొటనవేలికీ గోడకీ ఎంత దూరం ఉండగా మోకాలు ఇంకా తాకుతోందో అదే కొలత. రెండు కాళ్లకీ 2 సెం.మీ. పైగా తేడా వస్తే, పాత బెణుకు ఇంకా పూర్తిగా తగ్గలేదని నేను అనుమానిస్తాను.

ఇక బీప్ టెస్టు. 20 మీ. దూరం అటూ ఇటూ బీప్ శబ్దానికి తగ్గట్టు పరిగెత్తాలి, వేగం గంటకి 8.5 కి.మీ.తో మొదలై నిమిషానికోసారి పెరుగుతుంది. సెలెక్షన్స్‌లో పెడతారు కాబట్టి అలవాటు చేయండి. అయితే వాలీబాల్‌లో ఒక ర్యాలీ, అంటే ఒక పాయింటు తేలేదాకా సాగే ఆట, కొన్ని సెకన్లే, మధ్యలో ఊపిరి తీసుకునే టైమ్ ఉంటుంది. ఈ టెస్టులో ముందున్నవాడే మంచి ప్లేయర్ అనుకోకండి. వేరే రోజు పెట్టండి, ఎండాకాలంలో అసలు వద్దు.

అంకెలతో ఏం చేయాలి

నోటు పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక పేజీ. తేదీ, పూట, నేల, బూట్లు, ఎత్తు, తర్వాత కొలతలు. బరువు రాస్తే విడిగా రాయండి, అందరి ముందూ చదవకండి. పద్నాలుగేళ్ల ఆడపిల్ల బరువుని మైకులో చదివినట్టు చదివితే మర్నాటి నుంచి ఆ పిల్ల గ్రౌండ్‌కి రాదు.

సీనియర్ మగవాళ్ల నెట్ 2.43 మీ., ఆడవాళ్లది 2.24 మీ. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 అని ఉంటాయి. చిన్న వయసువాళ్లకి నెట్ ఎంత ఎత్తులో కడతారో పోటీకి ముందే అడిగి తెలుసుకోండి. ఇప్పుడు లెక్క చూడండి. బంతి చుట్టుకొలత 65 నుంచి 67 సెం.మీ., అంటే అడ్డంగా సుమారు 21 సెం.మీ. స్మాష్ గెంతులో 278 తాకే కుర్రాడికి 243 నెట్ మీద 35 సెం.మీ. మిగులుతుంది. బంతిని నెట్ పైన ఉంచి కిందికి కొట్టడానికి చోటుంది. 262 తాకేవాడికి 19 సెం.మీ. మాత్రమే. వాడు బంతి నెత్తిన కొట్టబోతే బంతి నెట్‌కి తగులుతుంది. వాడికి "ఇంకా గట్టిగా కొట్టరా" అని అరవడం వృథా. వెనక గీత మూలలకి పొడుగ్గా కొట్టడం, బ్లాక్ వేళ్లకి తగిలించి బయటికి పంపడం నేర్పండి, ఈలోపు కాళ్ల బలం పెంచండి.

మళ్లీ కొలవడం ఆరు నుంచి ఎనిమిది వారాలకి. ఒక సెంటీమీటరు పెరగడం, తగ్గడం రెండూ పట్టించుకోకండి, సుద్ద గీత మందమే అంత ఉంటుంది.

ఆడపిల్లలు సుమారు పన్నెండేళ్లప్పుడు, మగపిల్లలు పద్నాలుగేళ్లప్పుడు ఒక్కసారిగా సాగుతారు. ఆ నెలల్లో ఎముక ముందు పరిగెడుతుంది, కండ వెనకబడుతుంది. గెంతు పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది, నిన్నటిదాకా బాగా ఆడినవాడు తన కాళ్లే తనకి తట్టుకుని పడతాడు. "ఏరా, బద్ధకమా?" అనకండి. మూడు నెలలకోసారి ఎత్తు కొలుస్తుంటే ఇది ముందే తెలుస్తుంది. అదే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె దగ్గర నొక్కితే నొప్పి అంటే గెంతులు తగ్గించి డాక్టర్‌కి చూపించండి. నొప్పి మాత్ర వేసి ఆడించడం ఒక్కటి మాత్రం చేయకండి.

మ్యాచ్ రోజు

గుంటూరు నుంచి విజయవాడకి బస్సులో గంట కూర్చుని దిగిన పిల్లల్ని నేరుగా కోర్టులోకి పంపకండి. పది నిమిషాలు నడిపించండి, బాత్రూముకి వెళ్లనివ్వండి, ఆ తర్వాతే పైన చెప్పిన వార్మప్. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, అంతకుముందే జట్లకి వేరే కోర్టు దొరికి ఉంటే నెట్ దగ్గర రెండు జట్లకీ కలిపి 6 నిమిషాలు, దొరకకపోతే 10 నిమిషాలు ఇస్తారు. కెప్టెన్ విడివిడిగా కావాలంటే ఒక్కో జట్టుకి 3 లేదా 5 నిమిషాలు. ఆ టైమ్ స్మాష్‌లకి, సర్వీసులకే సరిపోతుంది. ఒళ్లు వేడెక్కించడం కోర్టు బయటే ముగించుకుని రావాలి.

సంక్రాంతి రోజుల్లో ఊళ్లలో లైట్ల కింద జరిగే టోర్నమెంట్లలో ఇంకో చిక్కు ఉంది. తొమ్మిదింటి మ్యాచ్ అర్ధరాత్రి పన్నెండుకి మొదలవుతుంది, మంచుకి నేల తడుస్తుంది. పెద్ద వార్మప్ ఒకేసారి, మ్యాచ్ ఖాయంగా అరగంటలో ఉందని తేలాకే చేయించండి. అంతవరకు ట్రాక్ ప్యాంటు, స్వెట్టర్ విప్పనివ్వకండి. వార్మప్ అయ్యాక ఇంకా ఆలస్యమైతే పావుగంటకోసారి మూడు నిమిషాలు: ఐదు బస్కీలు, పది చిన్న గెంతులు, రెండు బ్లాక్ గెంతులు. సెలెక్షన్స్‌లో క్యూలో ఉన్నప్పుడూ ఇదే. ఆ 273 కుర్రాడు మరుసటి ఏడు లైన్లో తన ముందు ముగ్గురు ఉన్నారనగా పక్కకి వెళ్లి ఈ మూడు నిమిషాలూ చేసొచ్చాడు, 284 తాకాడు. ఏడాదిలో పెరిగిన ఎత్తు కూడా అందులో ఉందనుకోండి.

సబ్‌స్టిట్యూట్లని బెంచీకి అతుక్కుపోనివ్వకండి. సెట్టుకి సెట్టుకి మధ్య, టైమ్ అవుట్లలో, వార్మప్‌కి వదిలిన చోట కదులుతూ ఉండమనండి. మూడో సెట్‌లో 22-22 దగ్గర సర్వీస్‌కి దింపేది వాళ్లలో ఒకర్నే కదా.